చింతగింజ చాలదా?

పోయిన సంక్రాంతికి మా ఇంట బొమ్మల కొలువు ఎప్పటిలాగే బేస్‌మెంటులో పెట్టాం. బయట మోకాలి లోతు మంచు, లోపల ఏడు మెట్లు, వాటి మీద తెల్ల దుప్పటి. పై మెట్టున కలశం, దాని కింద దశావతారాలు, ఆ కింద కొండపల్లి అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, 1973లో ఈ దేశం వస్తూ చీరల మడతల్లో చుట్టి తెచ్చుకున్న పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు. మిల్వాకీ చలికి పెళ్ళికొడుకు తలపాగా పెచ్చులూడింది గాని మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు.

మా మనవరాలికి పన్నెండేళ్ళు. ఆ సాయంత్రం, చేపలు పట్టేవాళ్ళు గాలాలు దాచుకునే అరల పెట్టె ఒకటి చంకన పెట్టుకొని వచ్చింది. ఒక్కో అరలో అంగుళం పైచిలుకు ఎత్తున ఒక్కో బొమ్మ. కత్తి దూసినవాడొకడు, గడ్డం జడలల్లుకున్న పొట్టివాడొకడు, పుస్తకం తెరిచి పట్టుకున్న మాంత్రికురాలు ఒకతె. “వీటిని కూడా కింది మెట్టు మీద పెట్టొచ్చా నానమ్మా?” అని అడిగింది. కింది మెట్టు మీద కోకాకోలా లారీ బొమ్మకే చోటుంది, వీటికి లేదా? పెట్టుకోమన్నాం.

అసలు సంగతి ఆ తరువాత వచ్చింది. వాళ్ళు నలుగురు పిల్లలు శనివారాలు కలిసి ఆడుకొనే ఆటలో ఒకరు తగ్గారట, మేమిద్దరం కలిసి ఆ ఒకరిగా రావాలట. సరేనన్నాం. “అయితే మీ బొమ్మను మీరే ఎంచుకోవాలి” అంది. బొమ్మెందుకే, మన అష్టాచెమ్మా డబ్బాలో చింతగింజలున్నాయి, ఒకటి పెట్టుకుంటాం అన్నాం. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, “చింతగింజకి వీపుండదు తాతయ్యా” అంది. ఇంగ్లీషులోనే అందిలెండి, తెలుగు మేం చేశాం.

ఆ మాట మమ్మల్ని నెల రోజులు వదల్లేదు. ఈ వ్యాసం ఆ నెల రోజుల తర్జనభర్జనే. మాలో ఒకరు ఒకటన్నప్పుడు రెండోవారు మరొకటన్నారు. ఎవరు ఏదన్నదీ ఇక్కడ విడమరచి రాయడం లేదు, ఇంటి పరువు సంగతి.

మన ఆటల్లో పావుకి ముఖం ఉండదు. అష్టాచెమ్మాలో మా అమ్మలు చింతగింజలు, విరిగిన గాజుముక్కలు, కందిగింజలు పెట్టి ఆడేవారు. గవ్వలు ఎన్ని పడితే అన్ని గళ్ళు. వైకుంఠపాళిలో జీవుడు పాము నోట పడి కిందికి జారి, నిచ్చెనెక్కి పరమపదం చేరేదాకా ఉన్న ప్రయాణమంతా ఒక చింతగింజే చేసేది. జీవుడికి చింతగింజ చాలునన్నది మనవాళ్ళ లెక్క. ఎందుకు చాలింది? అక్కడ ఎవరు వెళుతున్నారన్న ప్రశ్న లేదు. గవ్వ ఎటు చెపితే అటు. మీ గింజ స్వభావం మా గింజ స్వభావం ఒకటే, గాజుముక్క ఎర్రదైనా పచ్చదైనా పాము మింగక మానదు.

ఇక కొలువులో చూడండి. అక్కడ అన్నీ ముఖాలే, ఆట మాత్రం లేదు. నరసింహస్వామి ఏళ్ళ తరబడి హిరణ్యకశిపుణ్ణి చీలుస్తూనే ఉంటాడు, గీత కార్మికుడు చెట్టు సగం వరకే ఎక్కి ఉంటాడు. ఒకచోట కదలిక ఉంది, ముఖం లేదు. రెండోచోట ముఖం ఉంది, కదలిక లేదు. ఈ పిల్లలు ఆడే ఆటలో రెండూ కలిశాయి. మాకు చిక్కంతా అక్కడ వచ్చింది.

ఆట తెలియని పెద్దల కోసం రెండు మాటలు. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవారు తలకొక పాత్ర ధరించి, “ఇప్పుడు నేను తలుపు తీస్తాను”, “నేను పారిపోతాను” అని నోటితో చెపుతూ ఆడతారు. అనుమానం వచ్చినచోట పాచిక వేస్తారు. ఇది పుట్టింది మా ఊరికి గంట ప్రయాణంలో ఉన్న లేక్ జెనీవాలో. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో అచ్చు వేశారు. మొదటి విడత వెయ్యి పెట్టెలే. మేం ఈ రాష్ట్రానికి వచ్చిన మరుసటేడు అన్నమాట. పక్కన ఇంత పని జరుగుతోందని మాకేం తెలుసు, అప్పుడు మా ధ్యాసంతా కందిపప్పు ఎక్కడ దొరుకుతుందా అని.

బొమ్మలు ఈ ఆటకంటే పాతవి. ఎచ్.జి. వెల్స్ 1913లోనే సీసపు సిపాయిలతో ఇంట్లో నేల మీద యుద్ధాలు ఆడుకొనే పద్ధతి మీద ఒక పుస్తకం రాశాడు. ఇలాంటి చిన్న యుద్ధాలు అలవాటైతే పెద్ద యుద్ధాల మూర్ఖత్వం తెలిసివస్తుందని ఆయన ఆశ. మరుసటేడే పెద్ద యుద్ధం వచ్చిపడింది. గైగాక్స్ బృందం కూడా అలా సైన్యాలు నిలబెట్టి ఆడినవాళ్ళే. 1971లో వాళ్ళు రాసిన నియమాల పుస్తకం సైన్యాల గురించే, చివరలో మాత్రం మాంత్రికులకీ డ్రాగన్లకీ కొన్ని పేజీలిచ్చారు. సైన్యంలో ఒక బొమ్మ పదిమందికో ఇరవైమందికో గుర్తు. ఆ తరువాత ఒక బొమ్మ అంటే ఒక మనిషి అయింది. మా దృష్టిలో పెద్ద మార్పు అది. ఇరవైమందిలో ఒకడిగా నిలబడ్డవాడికి పేరు అక్కర్లేదు, ఒక్కడే నిలబడ్డవాణ్ణి నువ్వెవరని అడుగుతారు.

తమాషా ఏమంటే, 1974 పెట్టె మీద కాగితం, పెన్సిలు, చిన్న బొమ్మలు పెట్టి ఆడే ఆట అని రాశారు. లోపల నియమాల్లో మాత్రం బొమ్మలు తప్పనిసరి కాదు, అందం కోసమే అన్నారు. గైగాక్స్ అయితే హాంగ్‌కాంగ్‌లో తయారై చిల్లర దుకాణాల్లో సంచీల లెక్కన అమ్మే ప్లాస్టిక్ వింత జంతువుల్ని తెచ్చి వాడుకున్నాడు. వాటిలో ఒకదానికి ఇనుమును తుప్పు పట్టించి తినే జంతువని పేరు పెట్టాడు. మరొకటి గుడ్లగూబ తల ఎలుగుబంటి అయింది. ఇవాళ ఈ ఆటలో ఆ రెండూ తెలియని పిల్లలు లేరు. అంటే దొరికిన బొమ్మని బట్టి ప్రాణి పుట్టింది. మన ఇళ్ళల్లో కొలువుకి వచ్చిన విరిగిన చేతి బొమ్మకి, యుద్ధంలో చెయ్యి పోయిందమ్మా అని అమ్మమ్మ కథ చెప్పినట్టు.

అందం కోసమే అయితే మా చింతగింజ చాలునుగదా? ఈ ప్రశ్న తేలాలంటే ఆట చూడాలని ఒక శనివారం ఊరికే పక్కన కూర్చున్నాం. ఆ రోజు ఒక పిల్లవాడు బొమ్మలు తేవడం మరిచిపోయాడు. ఆట నోటి మాట మీదే సాగింది. సొరంగంలో పెద్ద పురుగేదో ఎదురయింది. “ముందు నడుస్తున్నదెవరు?” అని కథ నడిపే కుర్రాడు అడిగాడు. నలుగురూ వెనకే ఉన్నామన్నారు! ముందు ఎవరూ లేని ఊరేగింపు అది. పావుగంట వాదులాడుకున్నారు. మరుసటి వారం బొమ్మలొచ్చాయి. అంగుళం గడి ఒకటి ఐదడుగులతో సమానమని గీసిన పటం మీద ఎవరి బొమ్మ ఎక్కడుందో అక్కడే ఉంది. వాదన లేదు. పైగా ఒక బొమ్మ పురుగు వైపు తిరిగి ఉంది, ఇంకొకటి గుమ్మం వైపు తిరిగి ఉంది. గుమ్మం వైపు తిరిగిన బొమ్మగల పిల్లవాడు దాన్ని చిటికెన వేలితో మెల్లిగా ఇటు తిప్పడం మేం చూశాం. వీపుండడం అంటే ఏమిటో అప్పుడు అర్థమయింది.

మనసులో నేనెలాంటివాణ్ణని అనుకుంటానో అది ఒకటి. నలుగురి ఎదుట ఏ గడిలో ఎటు తిరిగి నిలబడ్డానో అది మరొకటి. మొదటిదానికి సాక్షి లేడు. గీతలో చెప్పిన కురుక్షేత్రం కూడా రెండు సేనల మధ్య ఒక రథాన్ని తెచ్చి ఇక్కడ నిలపమని అడగడంతోనే మొదలయింది. అర్జునుడి సందేహాలు శిబిరంలో కూర్చుంటే రాలేదు. కనుక బొమ్మ అలంకారమే అన్న మాటని మేం వెనక్కి తీసుకున్నాం. అది సాక్ష్యం కూడా.

ఇక ఏ బొమ్మ? దగ్గర్లోని ఆటవస్తువుల దుకాణానికి వెళ్ళాం. గోడ నిండా వేలాడదీసిన పొట్లాలు, రంగు వేయని బూడిదరంగు బొమ్మలు, ఐదారు డాలర్ల నుంచి మొదలు. అక్కడి అబ్బాయి చాలా మర్యాదస్తుడు. “ముందు చేతుల్లో ఏముందో చూడండి, తరువాత ఒంటిమీద ఏముందో చూడండి. ముఖం చివర” అన్నాడు. వార్‌హామర్ వంటి యుద్ధపు ఆటల్లో బొమ్మ చేతిలో గొడ్డలుంటే ఆటలోనూ గొడ్డలున్నట్టే లెక్క అనే ఆనవాయితీ ఉందట. ఈ ఆటలో అంత పట్టింపు లేదు గాని, విల్లు పట్టిన బొమ్మ నిలబెట్టి నా చేతిలో కత్తుందంటే ఎదుటివాళ్ళు ప్రతిసారీ గుర్తుపెట్టుకోవాలి. పెళ్ళిచూపుల్లో ముందు ముఖం చూసే మనకి ఈ వరస కొంచెం వింతగా తోచింది.

ఆ గోడ ముందు నిలబడి ఉంటే మా అమ్మాయి చిన్నతనం గుర్తొచ్చింది. అన్నతో కలిసి తనూ ఆడేది. ఆ రోజుల్లో ఆడ బొమ్మలు తక్కువ, ఉన్నవాటికి యుద్ధానికి తగిన బట్టలు అంతకంటే తక్కువ. మంచులో నడిచే కథకి ఆ బొమ్మ ఎలా పనికొస్తుందని మా అమ్మాయి, తల నుంచి కాలిదాకా ఇనుప కవచం తొడిగి ముఖం కనపడని వీరుడి బొమ్మ తీసుకొని, లోపలున్నది నేనే అనేది. 1978లో వచ్చిన నియమాల పుస్తకం మానవ స్త్రీ బలానికి ఒక హద్దు, పురుషుడికి అంతకంటే పై హద్దు పెట్టింది. 1989లో వచ్చిన రెండో కూర్పులో ఆ తేడా తీసేశారు. ఇప్పుడు గోడ మీద కవచం తొడిగిన ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, చక్రాల కుర్చీలో కూర్చొని కత్తి పట్టినవాళ్ళు కూడా ఉన్నారు. రంగుల సంగతీ అంతే. అప్పట్లో ఒంటి రంగు అని రాసిన సీసాలో గులాబీ రంగుండేది. మా అబ్బాయి దానిలో ముదురు గోధుమ కలుపుకొనేవాడు, సీసా మూతలో, అగ్గిపుల్లతో.

మా అబ్బాయి పేరు వచ్చింది కనుక తప్పు ఒప్పుకోవలసిందే. 1986లో వాడికి పన్నెండేళ్ళు. ఈ ఆట ఆడే పిల్లలు దయ్యాలపూజకి లోనవుతారని అప్పట్లో టెలివిజన్‌లోనూ చర్చిల్లోనూ గట్టిగా చెప్పుకొనేవారు. పొరుగింటావిడ ఒకరోజు గుమ్మంలో నిలబడి హెచ్చరించి వెళ్ళారు. మేం వాడి బొమ్మల పెట్టె తెరిచి చూశాం. కొమ్ములు, కోరలు, రెక్కలు. మంగళవారం చెత్తబండి వచ్చే వేళకి పెట్టెను బయట పెట్టాం. వాడు స్కూలు నుంచి వచ్చి అరవలేదు, ఏడవలేదు. “పేగులు మెళ్ళో వేసుకున్న నరసింహస్వామి అటక మీద ఉన్నాడుగా, ఆయన్నీ పారేశారా?” అని అడిగాడు. ఆయన దేవుడు, అది వేరు అన్నాం. ఎలా వేరో వాడు అడగలేదు, మేం చెప్పలేదు. మన దేవుళ్ళనే నమ్మే మేం, ఆవిడ చెప్పిన దయ్యాలకి ఎందుకు భయపడ్డామో ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ రాదు.

వేరు ఎలాగో ఇప్పుడు ఆలోచించాం. దుష్టుడి బొమ్మని ఎంచుకుంటే దుష్టత్వం అంటుతుందా? 1961లో సీతారామకల్యాణంలో రామారావుగారు రావణుడయ్యారు. 1977లో దానవీరశూరకర్ణలో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు ముగ్గురూ ఆయనే. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. వేషం వేరు, మనిషి వేరు అని మన జనానికి బాగా తెలుసు. అయితే ఒక చిక్కుంది. నాటకంలో రావణుడి మాటలు కవి రాసిపెట్టాడు, నటుడు తనంతట తాను ఒక్క దుర్మార్గం కూడా కొత్తగా చేయనక్కర్లేదు. ఈ ఆటలో కవి లేడు. ఎదుట కట్టేసిన బందీ ఉన్నప్పుడు ఏం చేయాలో బొమ్మ పట్టుకున్న పిల్లవాడే ఆ నిమిషంలో చెప్పాలి. కనుక వేషమేగదా అని పూర్తిగా కొట్టిపారేయడం మాకు సరికాదనిపించింది. బరువు ఎంచుకున్న బొమ్మ కొమ్ముల్లో లేదు, దాని నోట మనం పలికించిన మాటలో ఉంది. ఈ మాట 1986లో తట్టి ఉంటే వాడి పక్కన కూర్చొని వినేవాళ్ళం.

దేవుళ్ళ ప్రసక్తి కూడా తేవాలి. 1976లో ఒకటి, 1980లో ఒకటి, ఈ ఆట కోసం దేవతల పుస్తకాలు వచ్చాయి. గ్రీకు దేవతల తరహాలో మన ఇంద్రుడు, అగ్ని, కాళి, విష్ణువు వగైరాలకీ ఒక అధ్యాయం కేటాయించి, ఎన్ని దెబ్బలు తగిలితే ఒరిగిపోతారో అంకెలేశారు. చూసినప్పుడు మాకు కోపం వచ్చింది. మాలో ఒకరికి ఇంకా ఉంది. రెండోవారి వాదన ఇది. బోయవాడి బాణం ఒకటి పాదానికి తగిలి కృష్ణావతారం ముగిసిందని మనవాళ్ళే రాసుకున్నారు, అంకె వేయలేదు, అంతే తేడా. వినాయకచవితికి మట్టిబొమ్మలోకి స్వామిని పిలుస్తాం, పూజ చేసి, ఉద్వాసన చెప్పి, నీళ్ళలో కలుపుతాం. పిలవకముందూ పంపేశాకా అది మట్టి. పిలవని బొమ్మతో అపచారమేమిటి? దీనికి మొదటివారి సమాధానం: అన్నీ పిలుపులో ఉన్నాయంటే, తల్లి ఫోటో మీద కాలు పెట్టగలవా? కాలు పెట్టలేం. వాదన అక్కడ ఆగింది. మా ఇద్దరికీ ఒప్పుదల అయిందల్లా ఒకటే. దేవుడి బొమ్మని పావుగా ఎంచుకోం. అపచారమని మాత్రమే కాదు, దేవుడు తప్పు చేస్తే ఏం చేయాలో మాకు తెలియదు కనుక. ఆటంటే తప్పు చేయడానికి వీలుండాలి.

మా మనవరాలు ఎంచుకున్న బొమ్మను చూశాక ఈ వాదాలన్నీ మళ్ళీ లేచాయి. పులి తల, పట్టుబట్టలు, అరచేతులు వెనక్కి తిరిగి ఉన్నాయి. “రాక్షస” అంది. 1977లో అచ్చయిన భూతాల పుస్తకంలోనే మనవాడు ఇలా చేరాడట, పొగ గొట్టం తాగుతూ కూర్చున్న పులి తలవాడిగా! ఎదుటివారికి ఇష్టమైన రూపంలో కనపడి మోసం చేస్తాడన్నది అందులో లక్షణం. మారీచుడి బంగారు లేడి కథ విన్నవాళ్ళకి ఇదేం కొత్త కాదు. మంత్రించిన బాణం దెబ్బకి చస్తాడని కూడా పెట్టారు. పులి తల మాత్రం మన రామాయణంలోది కాదు. మన కొలువులో రాక్షసుడికి బుర్రమీసాలు, రెండు కోరలు, అంతే.

రాక్షసుడెందుకే, మంచివాళ్ళ బొమ్మ ఒక్కటీ నచ్చలేదా అన్నాం. “విభీషణుడు ఉన్నాడని మీరేగా చెప్పారు” అంది. ప్రహ్లాదుడి మాట కూడా ఎత్తింది. చేతులు జోడించుకొని నాలుగో మెట్టు మీద నిలబడి ఉన్న ఆ పిల్లవాడు ఎవరి కొడుకని అడిగింది. మాకు నోరు పెగల్లేదు. ఈ ఆటలో చాలాకాలం ఆర్క్ అనే జాతి పుట్టుకతోనే చెడ్డది. బొమ్మ ముఖం చూసి చంపేయవచ్చు, పాపం లేదు. 2020లో ఈ ఆట వేసే సంస్థవారు ఆ చిత్రణ సరికాదని, అలాంటి జాతుల్లోనూ అన్ని రకాలవారినీ చూపుతామని ప్రకటించారు. 2024 నియమాల పుస్తకంలో జాతి అనే మాటే తీసేసి వేరే మాట వాడారు, ఆర్క్ కూడా ఆటగాడు ఎంచుకోదగ్గ పాత్రల్లో ఒకటైంది. ఇది ఆటను చప్పబరిచే మార్పని విసుక్కొనేవారూ ఉన్నారు. మేం మటుకు, 1970లలో ఆఫీసు లిఫ్టులో మమ్మల్ని చూసి చేతిసంచీ ఇటునుంచి అటు మార్చుకున్న పెద్దమనుషుల్ని చూసినవాళ్ళం. ముఖం చూసి లెక్క వేయడం ఆటలోనైనా అలవాటు కాకపోతేనే మంచిదన్న పక్షం మాది. అయినా సొంత మనవరాలు పులి తల పెట్టుకుంటానంటే ఒక్క క్షణం మా మనసూ చేతిసంచీ మార్చుకుందని ఒప్పుకోవాలి.

ఇక మా బొమ్మ. గోడ మీద నచ్చినది దొరక్క, కంప్యూటరులో మనకి కావలసినట్టు తయారు చేయించుకోవచ్చని మనవరాలే చెప్పింది. 2014 నుంచీ ఆ సౌకర్యం ఉందట. జుట్టు, ముక్కు, బట్టలు, నిలబడే తీరు అన్నీ ఏరుకొని డబ్బు కడితే అచ్చు పోసి పంపుతారు. రెండు గంటలు కూర్చున్నాం. ముడి వేసిన జుట్టు పెట్టాం, కళ్ళజోడు పెట్టాం, చేతికర్ర ఇచ్చాం. తీరా చూస్తే తెర మీద మాలో ఒకరు నిలబడి ఉన్నారు. సంబరం కాసేపే. దీన్ని తీసుకెళ్ళి పురుగు ముందు నిలబెట్టగలమా? దీని చేత అబద్ధమాడించగలమా? లేదు, అద్దాల బీరువాలో పెట్టుకుంటాం. మరీ మనలాగే ఉన్న బొమ్మని మనం కాపాడుకుంటాం, మరీ సంబంధం లేనిదాన్ని నిర్లక్ష్యంగా చావనిస్తాం. రెండింటితోనూ ఆట సాగదు. తెర ఆపేసి మళ్ళీ దుకాణానికే వెళ్ళాం.

చివరికి ఏ ఆయుధమూ లేని బొమ్మ ఒకటి తీసుకున్నాం. దుప్పటి కప్పుకొని, వంగిన నడుముతో, చేయి ఎత్తి లాంతరు పట్టుకున్న ముసలి మనిషి. ఆడో మగో తెలియదు, మా ఇద్దరికీ కలిపి ఒకటే కనుక అదీ మంచిదే అయింది. ఎంచుకోవడానికి కారణం చెప్పాలంటే, దీని వల్ల ఎవరికీ హాని లేదు కదా అన్నదే. కత్తి లేదు, మంత్రం లేదు, ఎవరి ప్రాణం తీసే అవసరం రాదు. వయసుకి తగ్గ బొమ్మ అని ఒకరినొకరు మెచ్చుకున్నాం. మా అబ్బాయి వచ్చి రంగు వేయడంలో సాయం చేశాడు. యాభై దాటినవాడు, కళ్ళజోడు ముక్కు చివరకు జార్చుకొని, సన్నని కుంచె పట్టుకొని కూర్చున్నాడు. ఒంటికి గోధుమ రంగు తనే కలిపాడు. అప్పుడు అడిగాం, ఆ పెట్టెలో ఎన్ని బొమ్మలుండేవిరా అని. పదకొండు అన్నాడు. తల ఎత్తకుండానే పదకొండింటి పేర్లూ వరసగా చెప్పాడు. మూడోదాని పేరు మా నాన్నగారి పేరు.

మొదటి ఆట పోయిన నెలలో జరిగింది. చీకటి గుహ, మధ్యలో ఇరుకు రాతి వంతెన, అవతల ఏదో కదులుతోంది. మనవరాలి పులి తల బొమ్మ వంతెన ఎక్కింది, దాని వెనక ఇద్దరు పిల్లల బొమ్మలు. మేం మా ముసలి మనిషిని వంతెన ఇవతలే, నాలుగు గళ్ళ వెనక నిలబెట్టాం. మాకు అక్కడ పనేముంది, కత్తి లేదు గదా. కథ నడిపే కుర్రాడు పటం కేసి చూసి, “లాంతరు వెనకుంది కనుక వంతెన మీద చీకటే” అన్నాడు. పులికి చీకట్లో కళ్ళు కనిపిస్తాయట. మిగతా ఇద్దరికీ కనిపించవు. ఒక పిల్లవాడి బొమ్మ పాచిక తప్పి వంతెన మీంచి జారిపోయింది.

మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. పెద్దవాళ్ళమని ఊరుకున్నారేమో. ఆ పిల్లవాడు తన బొమ్మను తీసి పెట్టెలో అరలో పడుకోబెట్టాడు. మా బొమ్మ చేయి ఎత్తి లాంతరు పట్టుకొని ఉన్నచోటే ఉంది, ముఖం అటే ఉంది, వీపు ఇటే ఉంది.

వచ్చే శనివారం మళ్ళీ ఆట. లాంతరు ఎక్కడ నిలబెట్టాలన్నదాని మీద మాలో ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు. ముందే అని ఒకరు, ముందు నుంచి రెండోది చాలు అని ఒకరు.